ఇర్వింగ్ పెన్‌ను ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ అనవచ్చా?

నీడపట్టు (సోమవారం, రాత్రి 9:12)

ఈ వేదికలో లెన్సుల ధరల మీద వారానికో చర్చ నడుస్తుంది. ఆ లెన్సులతో ఎవరు ఏం తీశారన్న మాట వస్తే మాత్రం అందరూ మౌనం. అందుకే ఒక పేరు తెస్తున్నాను: ఇర్వింగ్ పెన్.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. 1917లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రిది గడియారాల పని, తల్లి నర్సు. తమ్ముడు ఆర్థర్ పెన్ తరువాత సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు. ఫిలడెల్ఫియాలో డిజైన్ చదివేటప్పుడు ఈయన గురువు అలెక్సీ బ్రోడోవిచ్, అంటే 'హార్పర్స్ బజార్' పత్రిక రూపురేఖలనే మార్చేసిన మనిషి. చదువు ముగిశాక కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మెక్సికో వెళ్లి ఏడాది పాటు బొమ్మలు వేశారు. గొప్ప చిత్రకారుడిని కాలేనని తేల్చుకుని, ఆ కాన్వాసుల మీది రంగునంతా కడిగేసి తిరిగి వచ్చారు.

1943లో 'వోగ్' పత్రిక ఆర్ట్ డైరెక్టర్ అలెగ్జాండర్ లీబర్‌మన్ ఆయనను సహాయకుడిగా పెట్టుకున్నారు. ముఖచిత్రాలకు ఆలోచనలు ఇవ్వడం పని. పత్రికలో పాతుకుపోయిన ఫొటోగ్రాఫర్లు ఈ కుర్రవాడి స్కెచ్‌లను ఖాతరు చేయలేదు. అలాంటప్పుడు నువ్వు ఊహించిన ఫొటో నువ్వే తీయమని లీబర్‌మన్ ఆయనను కెమెరా వెనక్కి తోశారు. అలా వచ్చింది 1943 అక్టోబరు 1 సంచిక ముఖచిత్రం: ఒక చేతిసంచీ, బెల్టు, తొడుగులు, నిమ్మ, నారింజ పండ్లు, పెద్ద పుష్యరాగం. ఫ్యాషన్ పత్రిక అట్ట మీద మనిషి జాడే లేదు!

అక్కడి నుంచి 2009లో తొంభై రెండో ఏట పోయేదాకా అదే పత్రికకు పని చేశారు. నూట అరవైకి పైగా ముఖచిత్రాలు ఆయనవే. కానీ ఆ చేతులతోనే కసాయివాళ్లను, పెరూ కొండజనాన్ని, రోడ్డు మీద పడిన సిగరెట్ పీకలను కూడా తీశారు. ఇన్ని తీసిన మనిషిని ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ అనడం సబబేనా? మీరేమంటారు?

బెజవాడ స్టూడియో (సోమవారం, రాత్రి 10:40)

నీడపట్టు గారూ, పెళ్లి ఫొటోలు, పాస్‌పోర్టు ఫొటోల మీద బతికినవాడిని నేను. ఫ్యాషన్ గురించి నన్ను అడిగితే మా ఆవిడ నవ్వుతుంది. పెన్ మాత్రం నాకు మనవాడు అనిపిస్తాడు, ఎందుకంటే ఆయన స్టూడియో మనిషి. లోకం చూడటానికి తాను బయటికి పోలేదు, లోకాన్నే లోపలికి పిలిచి నిలబెట్టాడు.

1950లో పారిస్‌లో కొత్త డ్రెస్సుల ప్రదర్శనలను తీయడానికి 'వోగ్' ఆయనను పంపింది. అంతకుముందు ఈ రంగంలో హోర్స్ట్, సెసిల్ బీటన్ వంటివాళ్లది రాజ్యం. స్తంభాలు, అద్దాలు, శిల్పాలు, పూలగుత్తులు లేకుండా ఫ్యాషన్ ఫొటో ఉండేది కాదు. ఈయన ఒక ఫొటోగ్రఫీ బడి పైఅంతస్తులో గది అద్దెకు తీసుకున్నాడు. దానికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఎక్కడో దొరికిన పాత నాటకాల తెర ఒకటి తెచ్చి గోడకు కట్టాడు. బూడిదరంగు, అక్కడక్కడ మసక మచ్చలు, అంతే. దాని ముందు బాలెన్సియాగా, డియోర్ వంటి పేరున్న డిజైనర్ల గౌన్లు.

మా తరం స్టూడియోలలో పరదా అంటే తాజ్‌మహల్, పక్కన రెండు హంసలు, పైకెక్కడానికి వీలులేని మెట్లు. మనిషి ఎలా ఉన్నా పరదా బాగుంటే ఫొటో బాగున్నట్టే లెక్క. ఈయన పరదా మనిషి మీది నుంచి చూపును పక్కకు పోనివ్వదు. ఆ గుడ్డ మీద ఆయనకు ఎంత మోజంటే, దాన్ని న్యూయార్క్ తీసుకెళ్లి చివరిదాకా వాడుకున్నాడు.

మంగళగిరి కెమెరా (మంగళవారం, ఉదయం 7:05)

నమస్కారం. నేను చేనేత చీరల కేటలాగులు తీస్తాను. నా తలనొప్పంతా జరీ. దీపం ఎదురుగా పెడితే అంచంతా తెల్లటి మెరుపై పోతుంది, తగ్గిస్తే చీర చచ్చిపోతుంది. పెన్ తీసిన గౌన్లలో నల్లటి బట్టలో కూడా ముడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. ఉత్తరపు కిటికీ అని బెజవాడ స్టూడియో గారు అన్నారు. ఉత్తరమే ఎందుకు? అదేమైనా వాస్తు పట్టింపా?

నీడపట్టు (మంగళవారం, ఉదయం 8:31)

వాస్తు కాదండీ, సూర్యుడి సంగతి. పారిస్, న్యూయార్క్ వంటి చోట్ల ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ దాదాపు పడదు. ఆకాశం నుంచి వచ్చే మెత్తటి వెలుగు మాత్రమే వస్తుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దగా మారదు. చిత్రకారులు వందల ఏళ్లుగా ఆ కిటికీ కోసమే ఇళ్లు వెతుక్కునేవారు. మన దగ్గర వేసవి నెలల్లో ఉత్తరం వైపు కూడా కొంత ఎండ వస్తుంది, అప్పుడు పల్చటి తెల్లగుడ్డ కట్టుకోవాలి.

అసలు కిటుకు వెలుగు వచ్చే దిక్కులో ఉంది. ఆయనకు వెలుగు ఎక్కువగా ఒక పక్క నుంచే వస్తుంది, రెండో పక్కను నీడకు వదిలేస్తారు. 1950లో తీసిన 'మత్స్యకన్య డ్రెస్సు' ఫొటో చూడండి. రోషా సంస్థ గౌను, వేసుకున్నది మోడల్ లీసా ఫోన్సాగ్రీవ్స్. మోకాళ్ల దాకా ఒంటిని పట్టేసి, కింద చేపతోకలా విచ్చుకునే గౌను అది. మెరిసే బట్ట కదా, మీ జరీలాగే పేచీ పెట్టాలి. ఆయన వెలుగును ఒంటి వంపు వెంట జార్చారు. మెరుపు ఒక సన్నటి గీతగా భుజం దగ్గర మొదలై, నడుము దగ్గర లోపలికి తిరిగి, తొడ మీద మళ్లీ పైకి తేలుతుంది. మిగిలినదంతా మసక బూడిదే. మెరుపును చంపనూ లేదు, చెలరేగనూ ఇవ్వలేదు.

ఇదే పద్ధతి 1957లో చిత్రకారుడు పికాసో మీద కూడా ప్రయోగించారు. ఫ్రాన్స్‌లోని కాన్స్‌లో పికాసో ఇంట్లో తీసిన ఫొటో. టోపీ, పైకెత్తిన కోటు కాలరు, మధ్యలో ఒకే ఒక్క కన్ను. రెండో కన్ను చీకట్లో ఎక్కడో ఉందని మనమే నమ్మాలి.

తరువాత న్యూయార్క్‌లో పైకప్పు కిటికీలు లేని స్టూడియోకు మారినప్పుడు, టంగ్‌స్టన్ దీపాలను ఒక పెద్ద గోడలా పేర్చి, ఆ ఆకాశపు వెలుగునే తిరిగి తయారు చేసుకున్నారు.

ప్రశ్నార్థకం (మంగళవారం, మధ్యాహ్నం 1:18)

అందరూ పొగడ్తల్లో మునిగారు కాబట్టి ఒకరైనా అడ్డుతగలాలి.

1948 డిసెంబరులో పెన్ పెరూ వెళ్లాడు. లిమాలో జీన్ పాచెట్ అనే మోడల్‌తో 'వోగ్' పని ముగించి, మిగతా బృందం తిరిగి వెళ్లాక ఒంటరిగా కుజ్కో చేరాడు. సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అక్కడి ఫొటో స్టూడియోను క్రిస్మస్ రోజుల్లో అద్దెకు తీసుకుని, మూడు రోజుల్లో రెండు వందల దాకా ఫొటోలు తీశాడు. పండుగకు కొండల్లోంచి దిగివచ్చి, ఫొటో తీయించుకుందామని తలుపు తట్టిన జనం వాళ్లు. తమ ఫొటోగ్రాఫర్ ఉండవలసిన చోట ఈ విదేశీ కనబడ్డాడు. డబ్బులు ఇవ్వవలసినవాళ్లకు ఆయనే ఎదురు డబ్బులిచ్చాడు.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ గమనించండి. తమ ఇంటి గోడకు ఒక ఫొటో కావాలని వచ్చినవాళ్లు ఆ లావాదేవీలో కూలివాళ్లుగా మారిపోయారు. ఆ పిల్లలిద్దరి ఫొటో ఉంది కదా, చెప్పులు లేని కాళ్లతో, చెరో పక్క నుంచి ఒక చిన్న బల్లకు ఆనుకుని చేతులు పట్టుకుని నిలబడిన అన్నాచెల్లెళ్లు. దాని ప్రింటు ఒకటి 2008లో వేలంలో ఐదు లక్షల డాలర్లు దాటింది. పిల్లల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా? 'కుజ్కో పిల్లలు', అంతే. గౌను కుట్టిన సంస్థ పేరు మాత్రం ప్రతి ఫొటో కిందా ఉంటుంది.

ఎడిసన్ నుంచి (మంగళవారం, రాత్రి 8:47)

పెన్ పుట్టిన ప్లెయిన్‌ఫీల్డ్ మాకు కూతవేటు దూరం. ఇక్కడ ఇన్ని వేల మంది తెలుగువాళ్లం ఉన్నాం, ఆ ఊరి గుండా ఇడ్లీ పిండి కోసం వెళతాం కానీ ఈ సంగతి ఎవరికీ పట్టదు.

2017లో ఆయన శతజయంతికి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. బెజవాడ స్టూడియో గారు చెప్పిన ఆ పరదాను కూడా అందులో ఉంచారు. పెద్ద బరువైన గుడ్డ. ఫొటోలలో పొగమంచులా కనబడేది దగ్గరికి వెళితే కుంచె దెబ్బలు, మడతల గీతలు.

నన్ను పట్టేసింది మాత్రం 'చిన్న వృత్తులు' గది. పారిస్ ఫ్యాషన్ పని చేస్తున్న రోజుల్లోనే, అదే గదికి, అదే పరదా ముందుకు వీధుల్లో పని చేసుకునేవాళ్లను పిలిపించారు. గౌన్లు పగలు ప్రదర్శనల్లో ఉండేవి, వచ్చినప్పుడే తీయాలి. ఆ మధ్య ఖాళీల్లో దోసకాయలమ్మేవాడు, వీపున అద్దాలు మోసుకు తిరిగేవాడు, బుడగలవాడు, మిఠాయి వంటవాళ్లు మెట్లెక్కి వచ్చేవారు. వాళ్లను వెతికి పంపడంలో ఫొటోగ్రాఫర్ రాబేర్ డువానో కూడా చేయి వేశారు. ఆ తరువాత లండన్‌లో, 1951లో న్యూయార్క్‌లో అదే పని కొనసాగింది.

మూడు ఊళ్ల జనం గురించి పెన్ చెప్పిన మాటలు భలే ఉంటాయి. పారిస్‌వాళ్లకు అనుమానం: ఫొటో తీసి డబ్బులెందుకిస్తాడు, దీని వెనక ఇంకేదో ఉందని. డబ్బు కోసం వచ్చారు. లండన్‌వాళ్లకు ఇందులో వింతేమీ తోచలేదు. పనిబట్టల్లో, చెప్పిన వేళకు, ఫొటో తీయించుకోవడం తమ హక్కన్నట్టు వచ్చి నిలబడ్డారు. న్యూయార్క్‌వాళ్లను ఉన్నవారున్నట్టు రమ్మంటే, కొందరు నున్నగా గడ్డం గీసుకుని ఆదివారం బట్టల్లో దిగారట. ఇది హాలీవుడ్‌కు మొదటి మెట్టని వాళ్ల ఆశ!

ప్రశ్నార్థకం గారూ, మీ మాట కాదనను. అయితే లండన్‌లో తీసిన ఇల్లు తుడిచే ఆడవాళ్ల ఫొటో ఒక్కసారి చూడండి. చేతిలో బకెట్లు, బ్రష్షులు. ఆ నిలబడిన తీరులో ఎవరి దయా అడిగే ధోరణి లేదు.

వెండి ఉప్పు (బుధవారం, ఉదయం 6:20)

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ప్రింట్ల ఊసెత్తలేదు. పెన్ జీవితంలో సగం చీకటిగదిలో గడిచింది మహాప్రభో!

పత్రికలో అచ్చయిన తన ఫొటోలు చూసి ఆయనకు తృప్తి ఉండేది కాదు. అందుకని 1960లలో, ఎప్పుడో మూలపడిన ఒక పద్ధతిని పట్టుకున్నారు, ప్లాటినం ప్రింటింగ్. విలియం విల్లిస్ అనే ఇంగ్లీషువాడు 1873లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్లాటినం ధర ఆకాశానికంటడంతో కంపెనీలు ఆ కాగితాలు చేయడం మానుకున్నాయి. అంటే పెన్ నాటికి బజారులో కొందామన్నా దొరకదు, అంతా సొంతంగా చేసుకోవలసిందే.

మామూలు ఫొటో కాగితం మీద వెండి కణాలు జెలటిన్ పొరలో ఉంటాయి. ప్లాటినంలో పొర లేదు. ఇనుపలవణం, ప్లాటినం, పల్లాడియం లవణాలు కలిపిన ద్రావణాన్ని కాగితానికి చేత్తో పూస్తారు, లోహం కాగితం నారలోకే దిగుతుంది. ఈ ద్రావణానికి వెలుగు గ్రహించే శక్తి తక్కువ, అతినీలలోహిత కాంతి కావాలి. కాబట్టి చిన్న నెగెటివ్‌ను పెద్దదిగా కాగితం మీద పడేసే ఎన్‌లార్జర్ పనికిరాదు. ప్రింటు ఎంత పెద్దదైతే నెగెటివ్ అంత పెద్దది చేసి, కాగితానికి ఆనించి వెలుగు చూపాలి. తరువాత పలుచటి ఆమ్లంలో కడిగి మిగిలిన ఇనుమును తీసేయాలి.

ఒక్కసారి పూస్తే నలుపు చాలినంత లోతు రాదు. రెండోసారి, మూడోసారి పూసి, మళ్లీ అదే నెగెటివ్‌ను వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట ఆనించాలి. కానీ కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రెండోసారికే గీతలు తప్పిపోతాయి. పెన్ కాగితాన్ని అల్యూమినియం రేకుకు అంటించేశారు, ఇక అది కదలదు. నెగెటివ్ అంచున రంధ్రాలు, వాటిలో దిగే పిన్నులు పెట్టి ప్రతిసారీ అదే చోటికి తెచ్చారు. ఒకసారి ప్లాటినం ఎక్కువ, ఇంకోసారి పల్లాడియం ఎక్కువ, ఒక నెగెటివ్ మెత్తనిది (నలుపు తెలుపుల తేడా తక్కువ), ఒకటి గట్టిది (తేడా ఎక్కువ). ఆ నలుపులోకి వేలు పెడితే దిగిపోతుందేమో అనిపిస్తుంది.

నా మాట అడిగితే ఆయన ఫ్యాషన్ ఫొటోగ్రాఫరూ కాదు, పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫరూ కాదు. ప్రింటర్.

నిర్వాహకులు (బుధవారం, ఉదయం 9:00)

అల్యూమినియం రేకు ఎక్కడ దొరుకుతుంది, కిలో ఎంత అని అడుగుతూ వచ్చిన ఆరు సందేశాలను 'సామగ్రి' విభాగానికి మార్చాం. ఇక్కడ పెన్ గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్నార్థకం (బుధవారం, మధ్యాహ్నం 12:52)

ఎడిసన్ గారూ, ఆ ఫొటో చూశాను. మీరన్నది నిజమే, వాళ్లు తలవంచుకుని లేరు. నా పేచీ ఫొటోలో మనుషుల భంగిమతో కాదు, వెనక ఉన్న ఆ ఖాళీతో.

ఇది మనకు కొత్త కాదు. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చువేసింది. కులానికో తెగకో ఒక మనిషిని నిలబెట్టి, ఫొటో తీసి, కింద వాళ్ల గుణగణాలు రాశారు. మనిషిని ఊరి నుంచి, ఇంటి నుంచి తెంచి ఒక నమూనాగా చేయడమంటే అదీ. పెన్ దుర్మార్గుడని అనడం లేదు. ఆయన 1967లో ఆఫ్రికాలోని డహోమీ (నేటి బెనిన్), నేపాల్, తరువాత కామెరూన్, న్యూగినీ, మొరాకోలకు గుడారం మోసుకెళ్లి తీసిన ఫొటోలు చూస్తే మాత్రం ఆ సంపుటాలే గుర్తొస్తాయి. న్యూగినీ మనిషికి అడవి ఉంది, ఊరు ఉంది, చుట్టాలు ఉన్నారు. అవన్నీ చెరిపేస్తే మిగిలేది ఈకలు, రంగులు. అంటే మళ్లీ ఫ్యాషనే! నీడపట్టు గారి మొదటి ప్రశ్నకు ఇదే నా జవాబు. ఆయన ఎక్కడికి వెళ్లినా ఫ్యాషన్ ఫొటోగ్రాఫరే.

బెజవాడ స్టూడియో (బుధవారం, రాత్రి 9:35)

ప్రశ్నార్థకం గారూ, దెబ్బ గట్టిగానే కొట్టారు. ఒక్క మాట.

మన సికింద్రాబాద్‌లో లాలా దీన్‌దయాళ్ స్టూడియో నడిపాడు, ఆరో నిజాం ఆయనకు రాజా బిరుదిచ్చాడు. ఆయన ముందూ పరదా ఉంది, కుర్చీ ఉంది, కొనితెచ్చిన పూలకుండీ ఉంది. నవాబుగారి ఊరూ ఇల్లూ ఆ ఫొటోలో కూడా లేవు. మరి ఆయన్ని నమూనా అనం, ఎందుకు? నవాబు డబ్బులిచ్చి తీయించుకున్నాడు, ఫొటో ఇంటికి పట్టుకెళ్లాడు. తేడా పరదాలో లేదు, ఫొటో ఎవరింటికి పోయిందన్న దాంట్లో ఉంది. ఆ లెక్కన మీరు కుజ్కో గురించి మొదట అన్నది సరైన మాట, ఖాళీ గురించి ఇప్పుడన్నది కాదు.

స్టూడియోకు వచ్చిన మనిషి ఇంట్లో ఉన్నట్టు ఉండడు, అది నిజం. రైతు వచ్చి బల్ల మీద కూర్చుంటాడు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ల మీద బిగించి పెడతాడు. ఆ బిగింపు కూడా ఆయనదే కదా.

నీడపట్టు (గురువారం, ఉదయం 7:44)

గుడారం గురించి పెన్ తన వాదన తాను చెప్పుకున్నారు. అది వాళ్ల ఇల్లూ కాదు, తన ఇల్లూ కాదు, ఇద్దరికీ చెందని చోటు. వాళ్లు తమ ఇంట్లో ఉంటే తాను చొరబడినవాడవుతాడు, తన స్టూడియోకు వస్తే వాళ్లు బెదిరిపోతారు. మధ్యలో ఒక గుడ్డగది ఉంటే ఇద్దరూ కొత్తవాళ్లే. పూర్తిగా ఒప్పుకోనక్కరలేదు, కెమెరా ఎటు వైపు ఉందో మనకు తెలుసు.

అయితే ఈ ఖాళీని ఆయన పేదవాళ్ల కోసం కనిపెట్టలేదు. కుజ్కో వెళ్లిన ఏడాదే న్యూయార్క్ స్టూడియోలో రెండు చెక్క గోడలను ఇరుకు మూలలా కలిపి నిలబెట్టి, అందులోకి ఆ కాలపు మహామహులను తోశారు. రచయిత ట్రూమన్ కపోటీ, చిత్రకారిణి జార్జియా ఓ'కీఫ్, బాక్సర్ జో లూయిస్, జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్, కళాకారుడు మార్సెల్ డూషాంప్. గోడలకు రంగు సరిగ్గా లేదు, నేల మీద చెత్త, గోడ చివర కూడా ఫొటోలో కనబడుతుంది. కొందరికి ఆ మూల ఆసరా, కొందరికి బోను. కపోటీ ఒక కుర్చీ మీద మోకాలు పెట్టి, కోటులోకి ముడుచుకుపోయాడు. ఓ'కీఫ్ చిన్నపిల్లలా కనబడుతుంది. పేరు, డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లకు ఆయన చూపించిన మర్యాద ఇది! ఎడిసన్ గారు చెప్పిన కూలివాళ్లకు దక్కిన స్థలం ఇంతకన్నా విశాలం.

మరో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన స్వచ్ఛంద అంబులెన్సు దళంలో పని చేశారు, ముందు ఇటలీలో, తరువాత మన దేశంలో. రోమ్‌లో చిత్రకారుడు డి కిరికో కూరగాయల సంచీతో నడిచి వెళుతుంటే వెంటపడి పరిచయం చేసుకుని, తల మీద ఆకుల కిరీటం పెట్టి ఫొటో తీశారు.

కొత్త సభ్యుడు 88 (గురువారం, మధ్యాహ్నం 3:10)

అందరికీ నమస్కారం. ఇంత పెద్ద కళాకారుడు అంటున్నారు కదా, మరి ఇల్లు గడిచేది దేనితో? ప్రింట్లు అమ్మా?

వెండి ఉప్పు (గురువారం, సాయంత్రం 6:02)

మంచి ప్రశ్న తమ్ముడూ. ప్రకటనలతో.

1950లలో ఆయన ఫొటోలు పేజీ మీద మరీ ఘాటుగా ఉన్నాయని 'వోగ్' సంపాదకులు గునిసేవారు. పత్రిక పని తగ్గింది. 1953లో సొంత స్టూడియో పెట్టి ప్రకటనలు పట్టుకున్నారు. కేకును ఫొటో తీయడం కూడా కళ కావచ్చు అన్నది ఆయన మాటే. 1968 నుంచి 'క్లినిక్' అనే సంస్థ సౌందర్య సాధనాల ప్రకటనలు. అందులోనూ మోడల్ లేదు. తెల్లటి నేపథ్యం, సీసాలు, గ్లాసులో పళ్లు తోముకునే బ్రష్షు. ముఖం చూపించకుండా ముఖానికి రాసుకునేవి అమ్మారు.

పగలు సబ్బులు, సీసాలు. తరువాత 1972లో వీధిలో ఏరిన సిగరెట్ పీకలు. పొగతాగడం గిట్టని మనిషి, వాటిని సంచిలో పోసుకుని స్టూడియోకు తెచ్చి, దేవాలయ స్తంభాలంత ఠీవిగా నిలబెట్టి తీశారు. తొక్కిన మడమ గుర్తు, కాలిన అంచు, చిట్లిన కాగితం, లోపలి పొగాకు పోగులు. బాలెన్సియాగా గౌను చేతి ఫొటోకు పూసినంత ప్లాటినం వీటికీ పూశారు. 1975లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శించింది. చెత్తను గోడకెక్కించారని అప్పట్లో ముక్కు విరిచినవాళ్లకు కొదవలేదు.

మంగళగిరి కెమెరా (గురువారం, రాత్రి 10:15)

ఈ చర్చ చదివాక నేను చేసిన ఘనకార్యం వినండి. మంగళగిరి చీరకు ఒళ్లంతా సాదాగా ఉండి, అంచులోనే జరీ ఉంటుంది. గుంటమగ్గం మీద బిగువుగా నేసిన ఆ సాదాతనమే దాని అందం. నేనేమో ఇన్నాళ్లూ వెనక ఇత్తడి కుండ, అరటాకు, బంతిపూలు పేర్చి తీస్తున్నాను. ఈసారి అవన్నీ తీసేసి, సున్నం వేసిన గోడ మీద పాత దుప్పటి కట్టి, వెలుగు కిటికీ వైపు నుంచి ఒక్కదాన్నే రానిచ్చాను. మోడల్ బదులు మా పక్కింటి పిన్ని నిలబడింది. జరీ మెరుపు నీడపట్టు గారు చెప్పినట్టు అంచు వెంట ఒక గీతగా వచ్చింది. నేత పడుగూ పేకా దారం దారం కనబడ్డాయి.

చీరలు ఇచ్చిన వ్యాపారి చూసి, "పండుగ కళ ఏదమ్మా ఇందులో?" అన్నాడు. ఫొటోలు వెనక్కి పంపేశాడు. పిన్ని మాత్రం ఒకటి ఫ్రేము కట్టించి ఇమ్మంది.

దీంతో ఇసీ మియాకే సంగతి వెతికి చదివాను. జపాన్ డిజైనర్. 1980ల నడుమ నుంచి 1999 దాకా ఏటా రెండుసార్లు తన బట్టలు న్యూయార్క్ పంపేవాడు, పెన్ తీసేవారు. పెన్ ఒక్కసారి కూడా మియాకే ప్రదర్శనకు వెళ్లలేదు. మియాకే ఒక్కసారి కూడా ఫొటోలు తీసే చోటికి రాలేదు. బట్టలను వెంట తీసుకెళ్లి, అమర్చి పెట్టింది మిదోరి కితమురా అనే సహచరి. ఫొటోలో చీకటి దీపపుసెమ్మెలా, రెక్కల పురుగులా కనబడిన తన బట్టను చూసి, అది తాను చేసిందేనా అని మియాకే ఆశ్చర్యపోయేవాడట. నా వ్యాపారి కూడా ఆశ్చర్యపోయాడు, కాకపోతే ఇంకో రకంగా.

ఎడిసన్ నుంచి (శుక్రవారం, ఉదయం 5:50)

పిన్నిగారి ఫొటో ఇక్కడ పెట్టండి, మేమూ చూస్తాం.

లీసా గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెబుతాను. స్వీడన్‌లో పుట్టి, పారిస్‌లో నాట్యం నేర్చుకున్న మనిషి. పెన్‌ను కలిసేనాటికే ప్రసిద్ధ మోడల్. 1939లో ఈఫిల్ టవర్ ఇనుప కమ్మీ పట్టుకుని గాలిలోకి వాలిన ఫొటో ఆమెదే, దాన్ని తీసింది ఎర్విన్ బ్లూమెన్‌ఫెల్డ్. తనను తాను బట్టలు తగిలించే మంచి కొయ్య అని చెప్పుకునేది. అంతా గౌనుదే తప్ప అమ్మాయిది కాదని ఆమె వాదన. 1947లో పెన్ ఆ కాలపు పన్నెండుగురు మోడళ్లను ఒకే ఫొటోలో నిలబెట్టినప్పుడు అందులో ఉంది. 1950లో లండన్‌లో ఆమె, పెన్ పెళ్లి చేసుకున్నారు. తరువాత శిల్పాలు చేసింది. 1992లో పోయేదాకా కలిసే ఉన్నారు.

నాట్యం తెలిసిన ఒళ్లు కాబట్టే ఆ ఖాళీ పరదా ముందు నిలబడగలిగింది. ఆనుకోవడానికి స్తంభం లేదు, పట్టుకోవడానికి పువ్వు లేదు. వెన్నెముక ఒక్కటే దిక్కు. ఆ ఫొటోలలో సగం పేరు ఆమెకు రావాలి. ప్రశ్నార్థకం గారూ, పేర్ల జాబితాలో దీన్నీ చేర్చుకోండి.

ప్రశ్నార్థకం (శుక్రవారం, ఉదయం 11:26)

చేర్చుకున్నాను. బెజవాడ స్టూడియో గారి మాట కూడా ఆలోచించదగ్గదే, ఫొటో ఎవరింటికి పోయిందన్నది. మంగళగిరి కెమెరా గారి పిన్ని ఫ్రేము అడిగింది, అక్కడ లెక్క సరిపోయింది. కుజ్కో పిల్లల విషయంలో నా అభిప్రాయం మారలేదు.

దీన్‌దయాళ్ పేరు వచ్చింది కాబట్టి వేరే చర్చ తెరుస్తాను. ఆయన 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళను నియమించాడు. కెమెరా వెనక ఎవరుండాలో తీయించుకునేవాళ్లే శాసించిన చోటు అది. పెన్ గుడారం కన్నా మనం మాట్లాడుకోవలసింది దాని గురించేమో. బెజవాడ స్టూడియో గారూ, మీ దగ్గర ఆ కాలపు స్టూడియోల పాత కార్డులు ఉన్నాయని ఒకసారి అన్నారు కదా, స్కాన్ చేసి ఉంచండి.

బెజవాడ స్టూడియో (శుక్రవారం, మధ్యాహ్నం 2:03)

ఉన్నాయి. ఆదివారం దుకాణం మూసేశాక స్కాన్ చేసి పెడతాను. వెండి ఉప్పు గారు ముందే చూసి అవి ఏ కాగితమో చెబితే సంతోషం, కొన్నింటి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి.